లూథరు ఇంటి పసివాడు

1527వ సంవత్సరము అక్టోబరు మాసము. జర్మనీ దేశములో ఎల్బె నది ఒడ్డున గల విట్టెన్‌బర్గు పట్టణములో ప్లేగు ప్రవేశించి రెండు నెలలు దాటినది. విశ్వవిద్యాలయము యేనా నగరమునకు తరలిపోయినది. ఆచార్యులు, విద్యార్థులు, కలిగినవారు మూటలు కట్టుకొని దారి పట్టినారు. సాక్సనీ ప్రభువు మార్టిన్ లూథరును కూడ వెళ్ళిపొమ్మని కోరినాడు; ఆయన వెళ్ళలేదు. రోగులను విడిచి బోధకుడు పోరాదని ఆయన పట్టు. ఆయన ఇల్లే ఆస్పత్రి అయినది. భార్య కతరీనా గర్భవతి. అంతకు మూడు నెలల ముందే లూథరు స్పృహ తప్పి పడిపోయి, ఇక బ్రతుకననుకొని, ఆమెను, పసివాడైన కుమారుని దేవునికి అప్పగించి వీడ్కోలు చెప్పియున్నాడు.

అట్టి దినములలో, ఊరు విడిచి వెళ్ళిన మిత్రుడు యూస్టస్ యోనాసునకు ఆయన లాటిను భాషలో జాబులు వ్రాయుచుండెడివాడు. ఎవరు పడకపెట్టినారు, ఎవరు లేచి తిరుగుచున్నారు, ఎవరు పోయినారు, ఇవియే అందలి వార్తలు. అక్టోబరు 19వ తేదీ జాబులో మాత్రము వీని నడుమ మరియొక వార్త ఉన్నది. పదహారు నెలల హాన్సు మోకాళ్ళు వంచి తనంతట తాను గొంతుకు కూర్చొనుట నేర్చుకొన్నాడనియు, నేర్చినదే తడవుగా గదిలో ఏ మూలను విడువక పని కానిచ్చుచున్నాడనియు ఆ వార్త.

పోపుతోను, చక్రవర్తితోను వాదములాడిన లాటిను అది. యూరపు ఖండమంతయు చదువుకొన్నవారి భాష అది. ఆ భాషలో, మృత్యువు వీధి వీధి తిరుగుచున్న వేళ, ఒక తండ్రి తన బిడ్డ దొడ్డికి కూర్చున్న సంగతిని ఘనకార్యముగా మిత్రునికి తెలియజేసినాడు. బిడ్డలు తిరుగాడిన ఏ యింటివారికైనను ఆ పనిలో వింత లేదు. అది జాబుకెక్కుటలోనే వింత. దానిని జాబుకెక్కించిన మనస్సు ఎట్టిదో, అది ఎక్కడ నుండి వచ్చినదో చెప్పుట ఈ ప్రసంగమునకు ఉద్దేశము.

క్రైస్తవ లోకములో ఆనాటికి వెయ్యేండ్లుగా సంసారి కంటె సన్న్యాసి మెట్టు పైదను భావము నాటుకొనియున్నది. పండితుడైన జెరోము ముని, ఏసు చెప్పిన విత్తువాని ఉపమానమును తీసికొని, కన్యావ్రతమునకు నూరంతల ఫలము, వైధవ్యమునకు అరువదంతలు, దాంపత్యమునకు ముప్పదంతలు అని లెక్కగట్టినాడు. ముప్పదియు తక్కువేమి కాదు. కాని నూరు ఉండగా ముప్పది ఎవరికి కావలెను? తండ్రి అను గౌరవనామము సయితము బిడ్డలు లేని గురువుకే దక్కినది. నిజముగా బిడ్డను భుజము మీద వేసికొని తిరుగువానికి దేవునియెదుట చెప్పుకొనదగిన గొప్ప యేమియు లేకపోయినది.

అట్లని లూథరుకు పూర్వము క్రైస్తవులు తండ్రిని బొత్తిగా మరచినారనుట న్యాయము కాదు. 15వ శతాబ్ది ఆరంభములో పారిస్ విశ్వవిద్యాలయమునకు చెందిన జాన్ జేర్సన్ అను పండితుడు, ఏసును పెంచిన యోసేపును జనులు ఇంకను ఎక్కువగా ఆదరింపవలెనని వాదించినాడు. అంతకంటె ముందే, 1403లో, కాన్రాడ్ ఫాన్ జోస్ట్ అను చిత్రకారుడు విల్డుంగెన్ పట్టణపు దేవాలయమునకు క్రీస్తు జన్మఘట్టమును చిత్రించినాడు. అందులో బాలింత మరియమ్మ పడకపై ఉండగా, నెరసిన గడ్డముతో యోసేపు నేల మీద మోకాళ్ళూని, బుగ్గలు పూరించి పొయ్యి ఊదుచు జావ కాచుచుండును. కొందరు పండితులు ఆ ముసలివానిని చూచి హాస్యమునకు వ్రాసినాడందురు. మాకట్లు తోచదు. జావ కాచువాని ముఖములో ఉన్న శ్రద్ధ హాస్యగాని శ్రద్ధ కాదు.

మన ఆదిపర్వములో నన్నయగారి శకుంతల నిండుకొలువులో నిలిచి, బిడ్డను హత్తుకొనుటలోని సుఖమును దుష్యంతునకు చెప్పి వాదించినది. తండ్రికి ఆ సుఖమున్నదని మన కవులు ఎరుగని సంగతి కాదు. అయినను పొత్తిగుడ్డలు ఉతికిన రాజును మన కావ్యములలో మేము చూడలేదు. బాలకృష్ణుని అల్లరియంతయు యశోద పాలు. నందుడు ఎప్పుడును కొంత దూరముగనే నిలిచియుండును.

పొత్తిగుడ్డల ప్రసక్తిని వేదాంతములోనికి తెచ్చినవాడు లూథరు. 1522లో ఆయన వివాహ జీవితమును గూర్చి ఒక చిన్న గ్రంథము ప్రకటించినాడు. అప్పటికి ఆయనకు 38 ఏండ్లు. పెండ్లి లేదు, బిడ్డలు లేరు, నివాసమింకను మఠములోనే. ఆ గ్రంథములో లోకజ్ఞానము ముక్కు విరుచుకొని వచ్చి, బిడ్డ నూచుట, గుడ్డలు ఉతుకుట, ఆ వాసన భరించుట, రాత్రులు మేలుకొనుట, ఇదియా మగవాని బ్రతుకని ఎత్తిపొడుచును. విశ్వాసము కన్నులు తెరచి చూచి, ఆ పనులన్నియు దేవుని సమ్మతి అను బంగారముతో అలంకరింపబడినవని బదులు చెప్పును. ఒక తండ్రి బిడ్డ గుడ్డలు ఉతుకుచుండగా ఇరుగుపొరుగువారు ఆడంగివాడని నవ్వినచో, దేవుడు తన దూతలతోను, సర్వసృష్టితోను కలిసి నవ్వుననియు, ఆ నవ్వు సంతోషపు నవ్వనియు లూథరు భావము. ఉతికిన గుడ్డను బట్టి కాదు, ఏ మనస్సుతో ఉతికినాడో దానిని బట్టి.

పెండ్లి కానివాడు సంసారమును గూర్చి వ్రాసినది ఎంతవరకు నమ్మవచ్చును? పుస్తకములో పొత్తిగుడ్డలకు వాసన ఉండదు గదా. ఈ సందేహమునకు కాలమే సమాధానము చెప్పినది.

1523 ఈస్టరు పండుగనాటి రాత్రి నింబ్‌షెన్ కన్యకామఠము నుండి కొందరు సన్న్యాసినులు తప్పించుకొని వచ్చినారు. టోర్గావు వర్తకుడు లెయోన్‌హార్డ్ కొప్పె వారిని తన బండిలో తెచ్చినాడు. చేపల పీపాల నడుమ దాచి తెచ్చినాడని వాడుక. వారిలో ఒకరు కతరీనా ఫాన్ బోరా. 1525 జూన్ 13వ తేదీన లూథరు ఆమెను పెండ్లాడినాడు. ఆయనకు 41, ఆమెకు 26. వారు కాపురము పెట్టినది వేరొక ఇంట కాదు. నల్లని అంగీలు తొడిగిన అగస్టీనియను సన్న్యాసులు వెళ్ళిపోగా మిగిలిన మఠములోనే. బ్రహ్మచారుల కొరకు కట్టిన ఆ గదులలో 1526 జూన్ 7న హాన్సు పుట్టి ఏడ్చినాడు.

ఆ తరువాత సంవత్సరమే ప్లేగు. నవంబరులో హాన్సు జబ్బుపడి పదిరోజులకు పైగా ఏమియు తినలేదు. తండ్రి ప్రతి జాబులోను వానికొరకు ప్రార్థింపుడని మిత్రులను వేడుకొన్నాడు. బిడ్డ తేరుకొన్నాడు. డిసెంబరు 10న చెల్లెలు ఎలిజబెత్తు పుట్టినది. ఎనిమిది నెలలు నిండకమునుపే, 1528 ఆగస్టు 3న, చనిపోయినది. తరువాత రెండు దినములకు నికొలాస్ హౌస్‌మాను అను మిత్రునికి వ్రాసిన జాబులో లూథరు ఒక మాట ఒప్పుకొన్నాడు. ఈ దుఃఖములో తన హృదయము స్త్రీ హృదయమువలె అయినదట. బిడ్డల యెడ తండ్రి గుండె ఇంతగా కరగునని తాను ఎన్నడును అనుకొనలేదట. ఆరేండ్ల క్రిందట గ్రంథము వ్రాసినవాడే ఈ జాబు వ్రాసినాడు. గ్రంథములో లేనిది జాబులో ఉన్నది.

1529లో ఆయన చిన్న ప్రశ్నోత్తరిని ప్రకటించినాడు. పది ఆజ్ఞలు, విశ్వాసప్రమాణము, ప్రభువు ప్రార్థన మొదలైనవానిని ఇంటి పెద్ద తన ఇంటివారికి సులభముగా ఎట్లు నేర్పవలెనో చూపు పుస్తకమది. బడిపంతులుకంటెను, గురువుకంటెను ముందు తండ్రిని కూర్చుండబెట్టినది. ఒక్కొక్క భాగము చెప్పినంతనే అదేమిటని ప్రశ్న, దానికి రెండు మూడు వాక్యముల జవాబు. అప్పటికి హాన్సుకు మూడేండ్లు. ఆ యీడు బిడ్డ దినమునకు నూరుసారులు వేయు ప్రశ్నయు అదియే. ఇది మా ఊహ మాత్రమే.

ఈ పుస్తకముతో తెలుగువారికి సంబంధమున్నది. డేనిష్-హాల్లే మిషనుకు చెందిన బెంజమిన్ షుల్జ్ మద్రాసులో ఉండగా తెలుగు నేర్చినాడు. స్వదేశము చేరిన పిదప 1746లో హాల్లే నగరములో ఈ ప్రశ్నోత్తరిని తెలుగున అచ్చు వేయించినాడు. తెలుగు అచ్చుపుస్తకముల చరిత్ర అచ్చటి ముద్రణలతోనే మొదలగునని పలువురి మతము. కనుక మన లిపి తొలిసారి సీసపు అక్షరములలో ఒదిగిన రోజులలో, అది చెప్పిన మాటలలో ఒకటి తండ్రి బిడ్డకు చెప్పవలసిన పాఠము. దాదాపు నూరేండ్లకు, 1842లో, అమెరికా నుండి హయ్యరుగారు గుంటూరు వచ్చి లూథరను మిషనును స్థాపించినారు. 1927లో ఆంధ్ర సువార్త లూథరను సంఘము ఏర్పడినది. గుంటూరు, రాజమహేంద్రవరము ప్రాంతములలో రాత్రి భోజనమునకు ముందో తరువాతనో కుటుంబ ప్రార్థన జరుపుకొను ఇండ్లు అనేకము. అక్కడ తండ్రి ఒడిలో కూర్చుండి, ప్రార్థన ముగియకమునుపే ఆమెన్ అని కేకవేయు పసిబిడ్డలను చూడనివారు అరుదు.

ఇక 1530వ సంవత్సరమునకు వత్తము. ఆ యేడు ఔగ్స్‌బర్గులో చక్రవర్తి సభ కూడినది. 1521 నాటి వోర్మ్స్ శాసనము వలన లూథరు రాజ్యభ్రష్టుడు. సభకు పోవుటకు వీలు లేదు. అందుచేత ఏప్రిల్ చివర నుండి అక్టోబరు మొదటి వరకు కోబుర్గు కోటలో ఆగిపోయినాడు. అచ్చట కాకులు గుంపులుగా చేరి అరచుచుండగా, ఇదియు ఒక మహాసభయే అని మిత్రులకు వేళాకోళముగా వ్రాసినాడు. కాని మనస్సు ఇంటి మీద ఉన్నది.

విట్టెన్‌బర్గులో హాన్సుకు నాలుగేండ్లు నిండుచున్నవి. వాని తరువాతి చెల్లెలు మగ్దలేనా, ముద్దుగా లెన్‌కెన్, ఏడాది పిల్ల. కతరీనా ఆ పిల్ల బొమ్మ నొకదానిని వ్రాయించి కోటకు పంపినది. బొమ్మ చూచి లూథరు మొదట పోల్చుకొనలేదు. ఇంత నల్లనిది మా లెనా కాదన్నాడు. కొంతసేపు చూచి, అవును, ఆ నోరు, ఆ ముక్కు పిల్లవే అన్నాడు. భోజనశాలలో తన పీటకు ఎదురుగా గోడకు తగిలించినాడు. పిల్లకు పాలు మాన్పించు విషయము ఆయనకు పట్టినది. పండితురాలైన ఆర్గులా ఫాన్ గ్రుంబాఖ్ అను స్త్రీ కోటకు వచ్చి ఆయనతో భోజనము చేసినప్పుడు ఆ మాట కదిలినది. ఒక్కసారిగా మాన్పింపక, దినమున కొకసారి పాలు తగ్గించి, మెల్లగా మరియొకసారి తగ్గించి మాన్పింపవలెనని ఆమె సలహా. దానిని ఆయన శ్రద్ధగా భార్యకు జాబులో అందజేసినాడు. సంస్కరణోద్యమపు భవిష్యత్తు ఔగ్స్‌బర్గులో తేలుచున్న వారములలో ఆ ఉద్యమ నాయకుని జాబులో బిడ్డకు పాలు మాన్పు పద్ధతి!

ఆ జాబు జూన్ మొదటి వారము నాటిది. ఆ వారములోనే మరియొక వార్త వచ్చినది. మాన్స్‌ఫెల్డులో తండ్రి హాన్సు లూథరు మే 29న మరణించినాడు. జాబు చదివి లూథరు కీర్తనల గ్రంథము చేతబట్టుకొని గదిలోనికి పోయి, మరునాడు తల ఎత్తలేనంతగా ఏడ్చినాడని వెంటనున్న శిష్యుడు ఫైట్ డీట్రిఖ్ వ్రాసినాడు. ఆ దుఃఖములో గోడ మీది బొమ్మ ఆయనకు ఎంతో ఊరట అయినదనియు ఆ శిష్యుడే కతరీనాకు తెలిపినాడు.

తండ్రీకొడుకుల నడుమ అంతయు సుఖముగా సాగిన కథ కాదది. చిన్నతనమున తల్లి ఒక గింజ కొరకు రక్తము కారునట్లు కొట్టినదనియు, తండ్రి కొట్టిన దెబ్బకు భయపడి తాను పారిపోగా, తిరిగి మచ్చిక చేసికొనుటకు ఆయన చాల శ్రమపడినాడనియు లూథరు భోజనపు బల్లయొద్ద చెప్పుచుండెడివాడు. బెత్తము ప్రక్కన ఆపిలుపండు కూడ ఉండవలెనన్నది ఆయన నేర్చుకొన్న పాఠము. అయినను పుట్టింటి బాల్యమంతయు దెబ్బలే అనుకొనరాదు. 2003లో మాన్స్‌ఫెల్డులో ఆ కుటుంబపు ఇంటి చెత్తగుంటను త్రవ్వినప్పుడు మట్టి గోలీలు దొరికినవి. ఎవరో ఆడుకొన్నారు.

తండ్రి మరణవార్త అందిన రెండు వారములకు, జూన్ 19న, ఆయన నాలుగేండ్ల కుమారునికి ఒక జాబు వ్రాసినాడు. నాకు ఒక తోట తెలుసును, అందులో బంగారు అంగీలు తొడిగిన పిల్లలు చెట్లక్రింద ఆపిలులు, చెర్రీలు ఏరుకొందురు, పాడుదురు, గంతులు వేయుదురు. వారికి బంగారు కళ్ళెములు, వెండి జీనులు గల చిన్న గుఱ్ఱములున్నవి. పిల్లనగ్రోవులు, డోళ్ళు, చిన్న విల్లులు ఉన్నవి అని ఆ జాబులోని కథ. హాన్సు ప్రార్థన చేసి, చదువుకొని, బుద్ధిగా ఉన్నచో అచ్చటికి రావచ్చునట. ఒంటరిగా కాదు, స్నేహితులిద్దరిని తీసికొని రావచ్చును. ఒకడు మెలాంక్తను కొడుకు, రెండవవాడు యోనాసు కొడుకు. లెనా అమ్మమ్మను కూడ తేవచ్చునట. ఈమె కతరీనా మేనత్త, తానును పూర్వము సన్న్యాసినియే. లూథరు పిల్లలను ఎత్తి పెంచినది.

ఈ జాబును నీతిబోధ అనువారున్నారు, స్వర్గవర్ణన అనువారున్నారు. రెండును నిజమే. కాని మరియొకటి చూడవలెను. అందులోని స్వర్గములో సింహాసనములు లేవు, తీర్పు లేదు, పండితులకు అర్థమగు మాట ఒక్కటియు లేదు. నాలుగేండ్లవాడు కోరదగినవి మాత్రమే ఉన్నవి. తన తండ్రిని పోగొట్టుకొన్న దుఃఖము ఆరకమునుపే, ఆయన బిడ్డ ఎత్తునకు వంగి మాటలాడినాడు. ఇంటికి తిరిగి వచ్చుటకు ముందు భార్యకు వ్రాయుచు, న్యూరెంబర్గు నుండి పెద్ద చక్కెర పుస్తకము ఒకటి హాన్సు కొరకు వచ్చియున్నదనియు, అది ఆ అందమైన తోటలోనిదే అనియు తెలిపినాడు. మన తిరునాళ్ళలో పంచదార చిలుకలను కొని తెచ్చు తండ్రులకు దీనిని వివరింప నక్కరలేదు. కథలో చెప్పిన తోట అబద్ధము కాదని బిడ్డకు నాలుక మీద రుజువు చూపవలెను గదా.

ఈ చిత్రమును మరీ తీయగా చేయరాదు. క్రిస్టమస్ చెట్టు చుట్టును లూథరు కుటుంబము కూర్చున్నట్లు చూపు ప్రసిద్ధ చిత్రమును ష్వెర్ట్‌గెబుర్త్ అను కళాకారుడు 1843లో కల్పించినాడు. చరిత్రలో దానికి ఆధారము లేదు. భోజనపు బల్లయొద్ది సంభాషణలను వ్రాసికొన్నవారు శిష్యులు. అవి గ్రంథముగా వెలువడినది 1566లో, లూథరు మరణించిన ఇరువది యేండ్లకు. అందుచేతనే మేము ఎక్కువగా జాబుల మీద ఆధారపడినాము. ఆ ఇంట బీరు కాచుట, తోట, పందులు, చేపల చెరువు, డబ్బిచ్చి భోజనము చేయు విద్యార్థులు, అనాథలైన మేనల్లుళ్ళు మేనకోడళ్ళు, అన్నియు కతరీనా భారమే. గుడ్డల ఉతుకుడు ఎవరి చేతిమీదుగా జరిగియుండునో ఊహించుట కష్టము కాదు. ఈ చేతితోనే లూథరు 1525లో తిరుగబడిన రైతులను నిర్దాక్షిణ్యముగా అణచుడని వ్రాసినాడు. 1543లో యూదులపై ఘోరమైన ద్వేషగ్రంథము వ్రాసినాడు. యూదుల ఇండ్లలోను పసివారున్నారు. బిడ్డను ముద్దాడుట వలన మనుష్యుని హృదయము అన్ని వైపుల మెత్తబడునని మేము చెప్పజాలము.

ఆ బల్లయొద్ది మాటలలో మాకు నమ్మదగినవిగా తోచునవి చిన్నచిన్నవి. ఇంటి కుక్క ట్యోల్పెల్ బల్లయొద్ద నోరు తెరచి, రెప్పవాల్చక మాంసపు ముక్కను చూచుచుండగా, తాను ఇట్లు ఏకాగ్రముగా ప్రార్థింపగలిగిన బాగుండునని లూథరు అన్నాడట. పళ్ళెములో పీచుపండ్లు పెట్టియుండగా పిల్లలు వానివైపు చూచిన చూపును అతిథులకు చూపి, నిరీక్షణలోని సంతోషమును చూడగోరువారు ఇటు చూడుడన్నాడట. పండు తిన్న తరువాతి ముఖమును కాదు, తినకముందటి ముఖమును ఆయన మెచ్చినాడు. కనిపెట్టి చూచినవాడే ఆ తేడాను పట్టగలడు.

గోడ మీద బొమ్మగా వ్రేలాడిన మగ్దలేనా 1542 సెప్టెంబరు 20న, 13వ యేట, తండ్రి చేతులలో కన్నుమూసినది. టోర్గావు బడిలో చదువుచున్న అన్న హాన్సును ఆమె చూడగోరినదని బండి పంపి పిలిపించినారు. అప్పటికి వానికి 16 ఏండ్లు. తండ్రి 1546లో పోయినాడు. ఆ తరువాత హాన్సు న్యాయశాస్త్రము చదివి, వైమారు ప్రభువు కొలువులో ఉద్యోగము చేసి, 1575లో మరణించినాడు. మాన్స్‌ఫెల్డులోని తాత, తన కుమారుడు మార్టినుకు చెప్పింపదలచి, 1505లో అతడు మఠములో చేరిపోవుటచే నెరవేరని చదువు అదియే.